ఘాట్‌లో పికప్ పుల్లింగ్ ఉన్నట్టుండి పడిపోతే, టర్బో మార్చే ముందు ఏం చూడాలి?

ఒడిశాలో కొరాపుట్ వైపున్న సెమిలిగుడ నుంచి ఒక తమ్ముడు అడిగారు. 2018 మోడల్ డీజిల్ పికప్. సాలూరులో సిమెంటు ఎత్తుకుని ఘాట్ ఎక్కుతుంటే సుంకి దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి పుల్లింగ్ పడిపోయింది. చెక్ లైటు వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రేసు (ఇంజిన్ తిరిగే వేగం) 2000 దాటలేదు. పక్కన ఆపి, తాళం తీసి, ఐదు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మామూలుగా లాగింది. మూడు కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే కథ. ఖాళీ బండితో జయపురం దాకా తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. నల్ల పొగ కూడా పెద్దగా లేదు. ఒకచోట చూపిస్తే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) పోయింది, 38 వేలు అవుతుంది అన్నారట. మార్చమంటారా అని ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా మొదటి అనుమానం డీజిల్ మీద. అంటే ఇంజిన్‌కి కావలసినంత డీజిల్ అందడం లేదు. డీజిల్ ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు, ట్యాంకు లోపలి జాలీ, ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు, ఈ నాలుగూ చూడకుండా టర్బో మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ఈ నాలుగూ చూడడానికి ఒక పూట చాలు. ఫిల్టర్ కొత్తది వేసినా మీకు చెప్పిన 38 వేల పక్కన ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

అలా ఎందుకు అంటున్నానో చెబుతాను. నేను జయపురంలో 22 ఏళ్లుగా డీజిల్ బండ్ల పని చేస్తున్నాను. ఇటు ఒడియా వాళ్లు వచ్చి "గాడి టాణునాహి" అంటారు, అటు సాలూరు వైపు నుంచి వచ్చినవాళ్లు "బండి లాగట్లేదు" అంటారు. ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: మెల్లగా తగ్గుతూ వచ్చిందా, ఉన్నట్టుండి పడిందా? మెల్లగా తగ్గితే అరుగుదల, మసి, ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి). ఉన్నట్టుండి పడితే ఏదో ఊడింది, ఏదో అడ్డుపడింది, లేదా కంప్యూటరే ఇంజిన్‌ని కావాలని తగ్గించింది. మీ బండిలో జరిగింది ఈ మూడోది. దాన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజిన్‌లో ఒక లెక్క తప్పినప్పుడు, ఇంజిన్ పాడవకుండా ఉండాలని కంప్యూటర్ డీజిల్ తగ్గించి, రేసుకి ఒక హద్దు పెడుతుంది. ఇంటికి చేరే మాత్రం ఓపిక ఉంచుతుంది.

ఇప్పుడు మీరే ఆలోచించండి. టర్బో రెక్క విరిగినా, షాఫ్ట్ పట్టేసినా, తాళం తీసి పెడితే అది బాగుపడదు కదా. మీ బండి ఐదు నిమిషాల తర్వాత లోడుతో మూడు కిలోమీటర్ల ఎత్తు ఎక్కింది. పాడైన టర్బోతో ఆ లోడు ఆ మలుపుల్లో అలా లాగదు. తాళం తీసినప్పుడు లింప్ మోడ్ పోయింది, మళ్లీ లోడు పడగానే అదే లెక్క తప్పింది, మళ్లీ లింప్ మోడ్‌లోకి వెళ్లింది. అంతే జరిగింది.

ఏ లెక్క తప్పింది? ఇక్కడ పొగే సాక్ష్యం. నల్ల పొగ కక్కుతూ బండి లాగకపోతే డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదు. పొగ లేకుండా లాగకపోతే డీజిలే చాలడం లేదు, లేదా కంప్యూటర్ ఇవ్వనివ్వడం లేదు. నీలం పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతున్నప్పుడు వస్తుంది. తెల్ల పొగ కాలని డీజిల్‌ది కావచ్చు, నీళ్లది కావచ్చు. చలికాలం పొద్దున్నే మన పొట్టంగి, సెమిలిగుడ వైపు కాసేపు తెల్లగా రావడం మామూలే, దానికి భయపడనక్కరలేదు. మీకు పొగ లేదు, ఖాళీగా బాగుంది, లోడుతో ఎత్తు ఎక్కుతుంటేనే పడిపోతోంది. కామన్ రైల్ ఇంజిన్‌లో నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ పోతుంది. ఐడిల్‌లో రైలు ప్రెషర్, అంటే ఆ గొట్టంలోని ఒత్తిడి, 250–300 బార్ దగ్గర ఉంటే, పూర్తి లోడు మీద వెయ్యి బార్ పైకి పోవాలి. ఖాళీగా తిరిగేటప్పుడు సగం మూసుకున్న ఫిల్టర్‌లోంచి కూడా సరిపడా డీజిల్ వస్తుంది. ఘాట్‌లో లోడు పడినప్పుడు అదే ఫిల్టర్ గొంతు పట్టుకుంటుంది.

ఈ ఘాట్ సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మైదానంలో పనిచేసే మెకానిక్‌లు దీన్ని లెక్కలోకి తీసుకోరు. సాలూరు సముద్రమట్టానికి వంద మీటర్లకు కాస్త పైన ఉంటే, కొరాపుట్ 870 మీటర్ల దగ్గర ఉంది. ఆ ఎత్తులో గాలి సుమారు పదో వంతు పల్చబడుతుంది. టర్బో లేని పాత ఇంజిన్ అయితే అంత మేరా శక్తి పోతుంది. టర్బో ఉన్న బండిలో ఆ లోటును టర్బో చాలావరకు పూడుస్తుంది, కానీ దానికి ఎక్కువ తిరగాలి. కింద విజయనగరంలో బయటపడని చిన్న లోపం సుంకి మలుపుల్లో బయటపడడానికి కారణం ఇదే. అందుకే "మా ఊళ్లో టెస్ట్ డ్రైవ్ చేశాం, బాగానే ఉంది" అన్న మాట మీద నేను నిలబడను. లోడుతో, ఎత్తు మీద చూడాల్సిందే.

ముందు స్కానర్ పెట్టించండి, కోడ్ చెరిపేయనివ్వకండి. చాలామంది స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపి, లైటు ఆరింది, పట్టుకెళ్లండి అంటారు. ఆ కోడే మీకు ఉన్న ఆధారం. కాగితం మీద రాయించుకోండి. పి0087 వస్తే రైలు ప్రెషర్ చాలడం లేదని, అంటే డీజిల్ వైపు. పి0299 వస్తే బూస్ట్ (టర్బో కొట్టే గాలి ఒత్తిడి) చాలడం లేదని, అంటే గాలి వైపు. అది వచ్చినా టర్బో పోయిందని అర్థం కాదు, టర్బో కొట్టిన గాలి దారిలో ఎక్కడో పోతున్నా అదే కోడ్ వస్తుంది. చిన్న బ్లూటూత్ స్కానర్లు కొన్ని పికప్‌లలో పనిచేస్తాయి, కొన్నిటిలో పనిచేయవు. మీ బండికి పనిచేస్తే ఒకటి కొని ఉంచుకోవడం మంచిదే.

స్కానర్ చేతిలో ఉన్నవాళ్లు రెండు అంకెలు చూడాలి. ఒకటి రైలు ప్రెషర్, కంప్యూటర్ అడిగినది ఎంత, నిజంగా ఉన్నది ఎంత. లోడు మీద ఈ రెండూ దూరం జరుగుతూ పోతుంటే డీజిల్ కొరత ఖాయం. రెండోది మ్యాప్ సెన్సర్ చూపే గాలి ఒత్తిడి. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేసినప్పుడు అది బయటి గాలినే చూపాలి. విశాఖలో 101 కిలోపాస్కల్ చూపిస్తే, మన కొరాపుట్‌లో 91 దగ్గర చూపిస్తుంది. 91 చూసి సెన్సర్ పాడైందని మార్చేసిన బండి నా దగ్గరికి వచ్చింది. సెన్సర్ నిజమే చెప్పింది, ఎత్తు పెరిగినందుకే గాలి తగ్గింది. లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు అది 180, 200 దాకా పెరుగుతుంటే టర్బో పనిచేస్తున్నట్టే. 100 దగ్గరే తచ్చాడుతుంటే అప్పుడు గాలి వైపు వెతకాలి.

ఇక పని దగ్గరికి వద్దాం. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. దాని కింద ఒక పాత నీళ్ల బాటిల్ పెట్టి, స్క్రూ వదులు చేసి, పావు లీటరు పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుక్కి దిగి, పైన డీజిల్‌కి కింద నీళ్లకి మధ్య గీత తేటగా కనిపిస్తుంది. వానాకాలంలో, డబ్బాల్లో కొన్న డీజిల్ పోసినప్పుడు, సగం ఖాళీ ట్యాంకుతో చలి రాత్రులు బయట పెట్టినప్పుడు నీళ్లు చేరతాయి. మన ఎత్తు ప్రాంతంలో పగలు ఎండ, రాత్రి చలి. ట్యాంకు లోపలి ఖాళీలో చెమ్మ పట్టి కారుతుంది. అందుకే చలికాలంలో రాత్రి బండి పెట్టేముందు ట్యాంకు నింపుకోమని మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతాను. స్క్రూ బిగించాక చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా కొట్టండి, లేకపోతే ఎయిర్ పట్టి స్టార్ట్ అవ్వదు.

ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. గుర్తులేకపోతే మార్చేయండి. పాతది పారేయకండి, కోసి చూడండి. లోపలి కాగితం నల్లగా జిగురుగా ఉందా, ఎర్రటి తుప్పు ఉందా, మట్టి ఉందా అన్నది ట్యాంకు కథ చెబుతుంది. తుప్పు కనిపిస్తే ఫిల్టర్ ఒక్కటీ మార్చి ఊరుకోకూడదు, ట్యాంకు దించి కడగాలి. లేకపోతే కొత్త ఫిల్టర్ కూడా త్వరలోనే నిండుతుంది, ఆ తుప్పు పొడి పంపులోకి, నాజిళ్లలోకి పోతే ఖర్చు టర్బోని మించుతుంది.

ట్యాంకు జాలీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే "ఐదు నిమిషాలు ఆపితే బాగుపడుతుంది" అన్నమాట వినగానే నాకు గుర్తొచ్చేది అదే. అల్లం లోడు కొట్టే ఒక పికప్ మూడు నెలలు ఇలాగే ఏడిపించింది. పొట్టంగి నుంచి దిగేటప్పుడు ఏమీ ఉండదు. ఖాళీ గోనె సంచులతో ఎక్కేటప్పుడూ ఏమీ ఉండదు. ఎరువుల బస్తాలతో ఎక్కితే మాత్రం మధ్యలో పడిపోతుంది, బీడీ కాల్చి స్టార్ట్ చేస్తే మళ్లీ లాగుతుంది. ఇద్దరు మెకానిక్‌ల దగ్గర ఫిల్టర్, పంపు మీది వాల్వు, నాజిళ్లు అన్నీ అయ్యాయి. నేను ట్యాంకు దింపితే లోపల అరచేయంత గుడ్డముక్క ఉంది. డబ్బాతో డీజిల్ పోసేటప్పుడు వడకట్టడానికి పెట్టిన గుడ్డ చిరిగి లోపల పడింది. లోడు మీద పంపు గట్టిగా లాగినప్పుడు అది వచ్చి జాలీకి అతుక్కుంటుంది, ఇంజిన్ ఆపగానే విడిపోయి అడుక్కి పోతుంది. ఆ కుర్రాడు అప్పటికే అప్పుచేసి నాజిళ్లకు డబ్బు కట్టాడు. ఆ రోజు అతని ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఈ విషయంలో ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ట్యాంకు దింపే ముందు తేలికైన పరీక్షలు రెండున్నాయి. పుల్లింగ్ పడిపోయిన వెంటనే ట్యాంకు మూత తియ్యండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు గట్టిగా వచ్చి, బండి మళ్లీ బాగా లాగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. రెండోది మీ మెకానిక్ చేయాలి. పంపు డీజిల్ లాగే పైపునీ, వెనక్కి వచ్చే పైపునీ రెండింటినీ ట్యాంకు నుంచి విడదీసి, బయట కదలకుండా కట్టిన శుభ్రమైన డబ్బాలో పెట్టి, కొంచెం లోడుతో నడపాలి. అప్పుడు బాగుంటే తప్పు ట్యాంకులోనో పైపులోనో ఉంది. డబ్బాని క్యాబిన్‌లో మాత్రం పెట్టకండి. ట్యాంకులోనే కరెంటు పంపు ఉన్న బండ్లకు ఈ పద్ధతి కుదరదు, వాటికి ప్రెషర్ గేజ్ పెట్టి చూడాలి.

ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేయనివ్వకండి. పాత పంపు ఇంజిన్లలో ఏ సిలిండర్ పని చేయడం లేదో చూడడానికి మేమంతా అలాగే చేసేవాళ్లం. కామన్ రైల్‌లో ఆ ఒత్తిడికి సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలాంటి దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

డీజిల్ వైపు అంతా శుభ్రంగా ఉందని తేలితే అప్పుడు గాలి వైపు రండి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడడం ఐదు నిమిషాల పని. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లార్చేది), అక్కడి నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు హోస్ పైపులు. వీటిలో చీలిక తరచుగా అడుగువైపు, క్లిప్పు పక్కనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, బూస్ట్ వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. చేత్తో వంచి చూడాలి. చుట్టూ జిడ్డుగా తడి ఉంటే అక్కడే అనుమానించండి. సబ్బు నీళ్లు రాసి రేసు ఇస్తే బుడగలు వస్తాయి. ఈ తప్పుకి గుర్తు లోడు మీద బుస్సుమనే చప్పుడు, వెనకాల నల్ల పొగ. మీరు చప్పుడు మాట చెప్పలేదు, పొగా పెద్దగా లేదు, అందుకే దీన్ని రెండో స్థానంలో పెట్టాను. కొన్ని టర్బోలను వాక్యూమ్ నడిపిస్తుంది. ఆ సన్నటి రబ్బరు పైపు ఊడినా, పగిలినా బూస్ట్ కట్టదు. చిన్న ముక్క కొత్తది వేస్తే సరిపోతుంది.

పదేళ్ల కిందట నేను కూడా ఒక బండికి టర్బో మార్పించాను. మార్చాక కూడా లాగలేదు. తర్వాత చూస్తే ఇంటర్‌కూలర్ కింద హోస్ చీలి ఉంది. ఆ యజమానికి నా చేతి కూలీ మొత్తం తిరిగి ఇచ్చాను, కానీ టర్బో డబ్బు ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి టర్బో అన్నమాట చివరిగానే అంటాను.

టర్బో నిజంగా పోయిందో లేదో చూడడం కష్టమేమీ కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టర్బో ముందున్న హోస్ తీసి, షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేంత ఆట ఉంటే, రెక్కలు గోడకి రాసుకున్న గీతలుంటే, రెక్కల అంచులు విరిగి ఉంటే అప్పుడు పోయినట్టు. హోస్‌లో పల్చటి ఆయిల్ పొర చూపించి పోయింది అంటే నమ్మకండి, ఆ మాత్రం తడి చాలా బండ్లలో ఉంటుంది. ఆయిల్ మడుగులా నిలిస్తే వేరే మాట. మీకు చెప్పిన మెకానిక్‌ని ఈ ఆట చూపించమని అడగండి. చూపించగలిగితే ఆయన మాట నిజమే, నేను పొరబడ్డట్టే.

నిజంగా టర్బో సీలు పోయి ఆయిల్ ఇంజిన్‌లోకి పోతే ఒక పెద్ద ప్రమాదం ఉంది, అది డ్రైవర్లందరికీ తెలియాలి. ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి తనంతట తాను రేసు ఎక్కిపోతుంది. తాళం తీసినా ఆగదు. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజిన్‌ని ఆపేయాలి. బానెట్ ఎత్తి గాలి పైపుని చేత్తో మూయబోకండి.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. రేసు పెరుగుతూ బండి మాత్రం కదలకపోతే అది క్లచ్, ఇంజిన్ కాదు, మాడిన వాసన కూడా వస్తుంది. ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికంటే బాగా కాలుతుంటే బ్రేకు పట్టేసింది. యాక్సిలరేటర్ తొక్కినా రేసు 1200–1500 దగ్గరే నిలిచిపోతే పెడల్ సెన్సర్, దాని వైర్లు చూడండి. ఎలుకలు కొరకడం మన వైపు చాలా ఎక్కువ, వడ్లు, మొక్కజొన్న మోసే బండ్లలో ఇంకా ఎక్కువ. టెంపరేచర్ ముల్లు పైకి పోయినప్పుడు కూడా కంప్యూటర్ శక్తి తగ్గిస్తుంది, ఐదు నిమిషాలు ఆపితే చల్లారి మళ్లీ లాగుతుంది. ఆ రోజు మీ ముల్లు ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి, ఇది మీ లక్షణాలకు కొంతవరకు కలుస్తుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బిఎస్6 డీజిల్ బండ్లు ఉన్నవాళ్లకి మరో మాట. వాటిలో చాలావాటికి సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లోనే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో అది వేడెక్కక మసితో మూసుకుపోయి, ఇలాగే లింప్ మోడ్ వస్తుంది. లైటు కొత్తగా వెలిగినప్పుడే బండి పుస్తకంలో చెప్పినట్టు పెద్ద రోడ్డు మీద ఆపకుండా నడిపితే చాలాసార్లు దానంతటదే కాలి శుభ్రమవుతుంది. ఆ సమయంలో అది 550–600 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి ఎండుగడ్డి మీద, కళ్లంలో గడ్డివాము పక్కన బండి ఆపకండి. మీది 2018 బండి కనుక ఈ గొడవ మీకు ఉండదనే అనుకుంటున్నాను.

ఇది తేలేదాకా లోడుతో ఘాట్ ఎక్కకండి. తప్పనిసరై ఎక్కితే, పుల్లింగ్ పడగానే చిన్న గేరులోకి వచ్చి, మలుపు మీద కాకుండా వెనకవాళ్లకు కనబడే చోట పక్కకు ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రాల వెనక రాళ్లు పెట్టండి. వెళ్లేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన పడేయండి, రాత్రి మోటార్ సైకిల్ మీద వచ్చేవాళ్లకి అవి ప్రాణాంతకం. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో కిందికి జారించుకుంటూ సాలూరు దిగిపోదాం అని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకుకి వాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కులతో అయిపోతుంది, స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఒక్క మీటరు కూడా నడపకుండా అక్కడే ఇంజిన్ ఆపేయండి.

రేపు పొద్దున్న చేయాల్సింది: ఫిల్టర్ అడుగు నీళ్లు బాటిల్‌లో పట్టి చూడడం, కోడ్ నంబరు రాయించుకోవడం, ఈ నాలుగు నెలల్లో డబ్బా డీజిల్ ఏమైనా పోశారా గుర్తు చేసుకోవడం. ఆ మూడూ చెప్పండి తమ్ముడూ, తర్వాత ఎక్కడ విప్పాలో చెబుతాను.